మట్టిలో కలిసే ప్లాస్టిక్కు – మన నేలలో దాని గతి



యీనాడు మీతో ముచ్చటించదలచిన విషయం ప్లాస్టిక్కు. అందులోనూ "మట్టిలో కలిసిపోతుంది" అన్న పేరుతో అంగళ్లకు వస్తున్న కొత్తరకం ప్లాస్టిక్కు. సంచి మీదనో, మల్చింగ్ షీటు చుట్ట మీదనో పచ్చని ఆకు బొమ్మ అచ్చు వేసి వుంటుంది. అంగడివాడు "యిది కుళ్లిపోయే రకం అన్నా, చేనిలోనే దున్నెయ్యొచ్చు" అంటాడు. ఆ మాట యెంతవరకు నమ్మవచ్చు? డోన్ చుట్టుపట్ల యెర్రనేలలో, వాన సరిగా పడని మన సీమలో, ఆ షీటు నిజంగా కలుస్తుందా, లేక ముక్కలై నేలలోనే మిగులుతుందా? యీ సంగతి తెలుసుకోవడం చాలా అవసరం. డబ్బు పోతే మరో పంటలో రాబట్టుకోవచ్చును. నేల పాడయితే బాగుచేసుకోవడం ఒక తరంతో అయ్యే పని కాదు.

ముందు పాతరకం ప్లాస్టిక్కు సంగతి చూద్దాము. డ్రిప్పు పెట్టి టమోటా, మిరప, కళింగర వేసేవారు సాళ్ల మీద పాలిథీన్ షీటు పరుస్తున్నారు. తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. నీటికి కరువైన మన ప్రాంతంలో అది చిన్న మేలు కాదు. కాని పంట అయిన తర్వాత ఆ షీటు యేమి చేయాలి? కొందరు పెరికి గట్టున పడేస్తారు. కొందరు కాలుస్తారు. కొందరికి కూలీలు దొరకక ట్రాక్టరుతో దున్నేస్తారు. గట్టున పడేసినది గాలికి లేచి వంకలో పడుతుంది, వంక నుంచి చెరువుకు చేరుతుంది. కాల్చితే విషపు పొగ. దున్నితే ముక్కలు నేలలో చేరి, వేరుకూ నీటికీ అడ్డం వస్తాయి. చైనా దేశంలో షిన్‌జియాంగ్ ప్రాంతపు పత్తి చేలలో యేండ్ల తరబడి పలుచని షీటు పరచి, ముక్కలు నేలలో వదలివేసినందువల్ల యెంత చెరుపు జరిగిందంటే, అక్కడివారు దానికి "తెల్ల కాలుష్యం" అని పేరు పెట్టుకున్నారు. పలుచని షీటు తీయబోతే చినిగిపోతుంది కనుక, 2018 నుంచి ఆ దేశంలో షీటు మందం 0.01 మిల్లీమీటరుకు తగ్గరాదని నియమం పెట్టారు.

గొడ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆవుకు పైదవడ ముందువైపు పండ్లు లేవు. మేతను నాలుకతో చుట్టి మింగుతుంది, యేరి తినే అలవాటు దానికి లేదు. అన్నం మెతుకులతో ముడివేసి పారేసిన సంచిని సంచితో సహా మింగుతుంది. అది పెద్దకడుపులో అరగదు, వెనుకకు పోదు, ముద్దకట్టి కూర్చుంటుంది. మన రాయలసీమలోనే, పుట్టపర్తి దగ్గర జంతువులను సాకే కరుణా సొసైటీ యీ బాధను చూసి, 2012లో సుప్రీంకోర్టుదాకా పోయి వ్యాజ్యం వేసింది. ఆవుల కడుపులో నుంచి ప్లాస్టిక్కు తీసిన సంగతి దేశమంతటికీ తెలిసింది అప్పుడే.

యిన్ని యిబ్బందులు వున్నవి గనుకనే "కలిసిపోయే ప్లాస్టిక్కు" అనగానే మనకు ఆశ పుడుతుంది. ఆశ పడడంలో తప్పు లేదు. కాని దాని గుట్టు తెలిసి ఆశపడాలి.

జొన్నచొప్ప నేలలో వేస్తే కుళ్లుతుంది. పాలిథీన్ యెందుకు కుళ్లదు? రెండూ గొలుసు వంటి పదార్థాలే. చొప్పలోని గొలుసుకు అక్కడక్కడ కొక్కాలు వున్నవి. నేలలోని బూజులు, బాక్టీరియాలు ఒక రకమైన రసాన్ని ఊరిస్తాయి. దానిని ఎంజైము అంటారు. ఆ రసం కొక్కాన్ని పట్టి విప్పుతుంది. గొలుసు తునకలవుతుంది. ఆ తునకలను సూక్ష్మజీవులు తింటాయి. పాలిథీన్ గొలుసులో అంతా బొగ్గు అణువులే, ఒకదానికొకటి బిగించి వుంటాయి. పట్టి విప్పడానికి కొక్కెమే లేదు. అందువల్ల దాన్ని చూసి సూక్ష్మజీవులు తప్పుకొని పోతాయి.

కొత్తరకం ప్లాస్టిక్కులో చేసిన ఉపాయం యిదే: గొలుసులో కొక్కాలు పెట్టారు. ఆ కొక్కానికి ఎస్టరు బంధం అని పేరు. నీరు తగిలితే అది సడలుతుంది, ఎంజైము తగిలితే తెగుతుంది. యీ జాతిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది పి.ఎల్.ఏ. మొక్కజొన్న గంజి, చెరకు చక్కెర వంటి వాటిని పులియబెట్టగా వచ్చే లాక్టిక్ ఆమ్లంతో చేస్తారు. పెరుగు పులుపులో వుండేది కూడా యీ ఆమ్లమే. కప్పులు, గిన్నెలు దీనితో యెక్కువగా చేస్తారు.

రెండవది పి.బి.ఏ.టి. యిది చాలావరకు పెట్రోలియం నుంచే వస్తుంది. అయినా కొక్కాలు వున్నందున సూక్ష్మజీవులు తినగలవు. మెత్తగా సాగుతుంది కనుక సంచులకు, మల్చింగ్ షీట్లకు దీనిని గంజితో కలిపి వాడుతున్నారు.

మూడవది పి.హెచ్.ఏ. యిది బాక్టీరియాలే తమ ఒంట్లో తయారుచేసుకొనే కొవ్వువంటి నిలవ. మనం గాదెలో గింజ దాచుకున్నట్లు, మేత యెక్కువైనప్పుడు అవి దాచుకుంటాయి. 1926లో పారిస్ నగరంలోని పాశ్చర్ సంస్థలో లెమ్వాన్యే అనే శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొన్నాడు. మూడింటిలో నేలలోనూ నీటిలోనూ తేలికగా కరిగే గుణం దీనికే యెక్కువ. ధర కూడా యెక్కువే.

యిక్కడ ఒక మాట జాగ్రత్తగా గమనించండి. పంట నుంచి పుట్టినంత మాత్రాన ప్లాస్టిక్కు కుళ్లిపోతుందని అనుకోరాదు. మనం పండించే ఆముదమే చూడండి. ఆముదపు నూనెతో నైలాన్-11 అనే పదార్థం చేస్తారు. మోటారు వాహనాల్లో నూనె గొట్టాలకు, బ్రేకు గొట్టాలకు వాడతారు. అది చేలో పుట్టిందే, కాని మట్టిలో కుళ్లదు. కుళ్లదు గనుకనే గొట్టాలకు పనికివచ్చింది! అలాగే చెరకు నుంచి పాలిథీన్ చేస్తున్నారు. అదీ మామూలు పాలిథీనే, గట్టున పడితే అలాగే పడివుంటుంది. పెట్రోలియం నుంచి వచ్చిన పి.బి.ఏ.టి. మాత్రం కుళ్లుతుంది. కాబట్టి "మొక్కల నుంచి చేసినది" అని రాసివుంటే, "సరే, తల్లి యెవరో తెలిసింది, మరి కడతేరేది యెట్లా?" అని అడగాలి.

కడతేరడం మూడు మెట్లుగా జరుగుతుంది. మొదటి మెట్టులో ఎండ, నీరు, రాపిడి తగిలి షీటు పెళుసై ముక్కలవుతుంది. రెండవ మెట్టులో ఎంజైములు గొలుసును తెంచుతాయి. మూడవ మెట్టులో సూక్ష్మజీవులు ఆ తునకలను మింగి, కొంత తమ ఒంటికి పట్టించుకొని, మిగతాది బొగ్గుపులుసు గాలిగా, నీరుగా వదిలివేస్తాయి. యీ మూడవ మెట్టు పూర్తి అయితేనే "కలిసిపోయింది" అనవచ్చును. మొదటి మెట్టు దగ్గరే ఆగితే అది కనబడకుండా పోయిందే గాని కలిసిపోలేదు.

యిది నిజంగా జరుగుతుందా అన్న సందేహం శాస్త్రజ్ఞులకూ కలిగింది. స్విట్జర్లాండులో జూరిచ్ నగరపు పరిశోధకులు పి.బి.ఏ.టి.లోని బొగ్గు అణువులకు గుర్తు పెట్టి, మనం గొర్రెకు రంగు పూసినట్లు, మట్టిలో వేసి చూశారు. ఆ గుర్తు వున్న బొగ్గు వదిలిన గాలిలో కనబడింది, మట్టిలోని బూజుల ఒంట్లోనూ కనబడింది. అంటే తిన్న మాట నిజమే. యీ ఫలితం 2018లో ప్రకటించారు. కనుక కుళ్లే ప్లాస్టిక్కు అనేది బూటకం కాదు. తినేవాడికి పని చేసే పరిస్థితి వుంటే తింటాడు.

ఆ పరిస్థితి యేమిటి? తేమ, వెచ్చదనం, సూక్ష్మజీవులు. నాలుగవది గాలి. యీ నాలుగూ ఒకచోట కూడిన తావు మీ అందరికీ తెలిసిందే, పెంటదిబ్బ. పేడ, చెత్త, మూత్రం కలిసి బాగా పండుతున్న దిబ్బలో గడ్డపార గుచ్చి కొంతసేపు వుంచి తీయండి. చేత పట్టుకోలేనంత కాలుతుంది. లోపల 55, 60 డిగ్రీల వేడి వుంటుంది.

యిప్పుడు లెక్కలు చూడండి. "కంపోస్టు కాగల ప్లాస్టిక్కు" అని మన దేశంలో ముద్ర వేయాలంటే ఐ.ఎస్. 17088 అనే ప్రమాణానికి నిలబడాలి. ఆ పరీక్ష దాదాపు 58 డిగ్రీల వేడిలో, తడి ఆరకుండా, గాలి ఆడేటట్లు చేస్తారు. 180 రోజులలోపల వస్తువులోని బొగ్గులో 90 పాళ్లు గాలిగా మారాలి. మిగతా 10 పాళ్లు యేమైనవి అంటారా? చాలావరకు సూక్ష్మజీవుల ఒంటికి పట్టినట్లు లెక్క. అంటే ఆ ముద్ర పెద్ద కంపోస్టు కార్ఖానా పరిస్థితికి యిచ్చిన ముద్ర. మీ చేనిగట్టుకు యిచ్చినది కాదు.

పి.ఎల్.ఏ. కప్పు ఆ వేడిలో కొద్ది నెలల్లో కరుగుతుంది. మామూలు నేల వేడిలో యేండ్ల తరబడి చెక్కుచెదరకుండా వుండగలదు. గొడ్డు కడుపులో వేడి 39 డిగ్రీల దరిదాపు. దానికి ఆ వేడి చాలదు. కనుక "కుళ్లే రకమే గదా" అని సంచిని గొడ్లు తిరిగే చోట పారవేయడం పొరపాటు. ముద్ర ఆవు కడుపును కాపాడదు.

నేలలో దున్నే మల్చింగ్ షీటుకు వేరే ప్రమాణం వున్నది. యూరపు దేశాలు 2018లో యేర్పరచిన ఇ.ఎన్. 17033 అది. 25 డిగ్రీల దరిదాపు వేడిలో, తేమగల మట్టిలో, 2 యేండ్లలోపల 90 పాళ్లు గాలిగా మారాలి. యిది చేనికి దగ్గరి లెక్క. అయినా ఒక చిక్కు వుంది. పరీక్షశాలలో మట్టి యెండదు. మన చేను యెండుతుంది.

ఉమ్మడి కర్నూలు జిల్లా సాధారణ వర్షపాతం సుమారు 670 మిల్లీమీటర్లు. 2022లో డోన్ కొత్త నంద్యాల జిల్లాలో చేరింది గాని, ఆకాశం మారలేదు గదా! తొలకరి నుంచి కార్తెలన్నీ బాగా నడిస్తే నేలలో పదును వుండేది యేడాదికి 5 నెలలు అనుకోండి. మిగతా 7 నెలలు మట్టి దుమ్ముగా వుంటుంది. ఆ దుమ్ములో సూక్ష్మజీవులు చావకపోయినా ముడుచుకొని పడుకుంటాయి. ఎండ మెండుగా వున్నా ఫలం లేదు, నీరు లేనిదే ఎంజైము కదలదు. పరీక్షశాలలో 24 నెలలు యెడతెగక జరిగిన పనిని, యేడాదికి 5 నెలల చొప్పున పంచండి. దగ్గర దగ్గర 5 యేండ్లు వస్తుంది. మన నేల వెచ్చనిది గనుక తడి వున్న నాళ్లలో పని కొంత చురుకుగానే సాగవచ్చు. యిది ఉజ్జాయింపు మాత్రమే. కాని సంగతి అర్థం కావడానికి యీ లెక్క చాలు. యేటేటా కొత్త షీటు పరచి దున్నుతూ పోతే, పాతది జీర్ణం కాకముందే కొత్తది చేరుతుంది. అప్పుతీరకముందే అప్పుచేసినట్లు వుంటుంది.

డ్రిప్పు కింద తడి తగులుతూ వుండే టమోటా మడి వేరు, వానకు యెదురుచూసే బుడ్డల చేను వేరు. ఒకే షీటు మొదటిచోట ముందుగా, రెండవచోట ఆలస్యంగా కలుస్తుంది. షీటు చుట్ట మీద "యిన్ని నెలలు" అని రాసిన మాట యే నేలకు, యెంత తడికి అన్నది రాయరు. అది మనమే అడగాలి.

యింగ్లండులో ప్లిమత్ విశ్వవిద్యాలయం వారు కొన్ని రకాల సంచులను మట్టిలో పాతి, సముద్రంలో వేసి, గాలికి కట్టి, 3 యేండ్లు చూశారు. 2019లో ఫలితం చెప్పారు. "కుళ్లే సంచి" అని ముద్ర వున్న ఒకటి, 3 యేండ్లు మట్టిలో వున్న తర్వాత కూడా సరుకులు మోయగలిగింది! కంపోస్టు రకం సంచి సముద్రంలో 3 నెలల్లోనే కనబడకుండా పోయింది. మట్టిలో పాతినది 27 నెలల తర్వాత కూడా కనబడుతూనే వుంది, బరువు మాత్రం ఆపలేకపోయింది. చూశారా, ఒకే వస్తువుకు చోటు మారితే గతి మారింది.

అన్నిటికంటె మోసకారి రకం ఒకటున్నది. మామూలు పాలిథీన్‌లో కొన్ని లోహ లవణాలు కలిపి, ఎండకు త్వరగా పెళుసయ్యేటట్లు చేస్తారు. ఆక్సో రకం అంటారు. మన ఎండకు అది చకచకా పొడిపొడి అవుతుంది. చూసినవారు "కలిసిపోయింది" అనుకుంటారు. అది మొదటి మెట్టు మాత్రమే. మట్టిలోకి దిగిన ముక్కకు ఎండ తగలదు, పని ఆగిపోతుంది. పెద్ద షీటును యేరి తీయవచ్చు, పొడిని యెవరు యేరగలరు? యూరపు దేశాల సమాఖ్య 2019లో చట్టం చేసి, 2021 జూలై నుంచి యీ రకాన్ని అమ్మకుండా నిషేధించింది.

మన దేశంలో చట్టం యేమంటున్నది? 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్కు కప్పులు, చెంచాలు, పుల్లలు మొదలైనవి నిషేధం. అదే యేడు డిసెంబరు 31 నుంచి సంచి మందం 120 మైక్రాన్లకు తగ్గరాదు. కంపోస్టు రకం సంచికి యీ మందం నియమం లేదు, కాని తయారుచేసేవారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ పొందాలి. 2024 మార్చిలో నిబంధనను యింకా బిగించారు. కుళ్లే ప్లాస్టిక్కు అని చెప్పుకొనేది యే చోట కుళ్లుతుందో ఆ చోటు ప్రకారం నిరూపించాలి, సూక్ష్మమైన ప్లాస్టిక్కు రేణువులు కూడా మిగలరాదు. యీ మాట రైతుకు అండ.

మన వాళ్లు చేసిన పని కూడా చెప్పుకోవాలి. హైదరాబాదులోని రక్షణ పరిశోధనాశాల వారు పి.బి.ఏ.టి., మొక్కజొన్న గంజి కలిపి సంచులు రూపొందించారు. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూ ప్రసాదానికి వాటి అమ్మకం మొదలుపెట్టారు. 90 రోజుల్లో కరిగిపోతుందని అప్పుడు ప్రకటించారు. మంచి ప్రయత్నం. అటువంటి సంచి మీ యింటికి వస్తే, ఖాళీ కాగానే దాన్ని పెంటదిబ్బ నడిమధ్యకు చేర్చండి. అక్కడ దానికి నీరు, వేడి, తినేవాడు అన్నీ దొరుకుతాయి. కొట్టం పైకప్పులో దోపితే ఆ 90 రోజుల లెక్క మొదలే కాదు.

యిక చేయవలసిన పనులు.

ఒకటి. పాలిథీన్ షీటు వాడేవారు, పంట కాగానే, షీటు పెళుసు కాకముందే పెరికి చుట్టండి. 25 మైక్రాన్లకు తక్కువది కొనకండి. పలుచనిది కొనేటప్పుడు చౌక, తీసేటప్పుడు కూలి ఖర్చు. దాన్ని కాల్చవద్దు, మట్టి దులిపి పాత సామాన్లు కొనేవారికి యివ్వండి.

రెండు. కుళ్లే షీటు కొనేవారు, "నేలలో కుళ్లుతుందా, కంపోస్టులోనేనా?" అని అడగండి. ప్రమాణపు సంఖ్య, సర్టిఫికెట్ చూపమనండి. చూపలేని చోట కొనకండి. దాని ధర యెక్కువ. తీసివేత కూలి మిగులుతుంది. రెండూ లెక్కవేసుకొని, ముందు ఒక చిన్న మడిలో వేసి చూడండి.

మూడు. కుళ్లే షీటు దున్నేటప్పుడు పంట కోయగానే, నేలలో పదును వుండగానే, పేడ ఎరువు చల్లి దున్నండి. ఎండాకాలపు దుక్కిలో కలిపితే అది ఊరకే నిద్రపోతుంది.

నాలుగు. రెండు రకాలూ కలపకండి. కుళ్లేదాన్ని పాలిథీన్‌తో పాటు పాత సామానుకు వేస్తే ఆ పాలిథీన్ కూడా మళ్లీ వాడకానికి పనికిరాకుండా చెడుతుంది. పాలిథీన్‌ను దిబ్బలో వేస్తే ఎరువు చెడుతుంది.

అయిదు. కొద్దిపాటి మడికి బుడ్డల పొట్టు మంచి కప్పు. చొప్ప గొడ్లకు కావాలి, పొట్టు మిగులుతుంది. చెదలు వున్న చోట మాత్రం చూసుకొని వేయండి.

అన్నిటికంటె ముఖ్యం, మీ నేలలో మీరే పరీక్ష చేసుకోవడం. ఖర్చు లేనిది. జానెడు జానెడు షీటు ముక్కలు మూడు, అంతే కొలత పాత నూలుగుడ్డ ముక్కలు మూడు తీసుకోండి. ఒక్కొక్క జతను దోమతెర గుడ్డలో మూటకట్టండి. ఒక మూట పెంటదిబ్బలో, ఒకటి డ్రిప్పు కింద తడి మడిలో, ఒకటి మెట్టచేనిలో జానెడు లోతున పాతి, గుర్తుకు పుల్ల నాటండి. నెలకు, 3 నెలలకు, 6 నెలలకు తీసి చూసి మళ్లీ పాతండి. గుడ్డ యెందుకంటే, నూలు తప్పక కుళ్లే వస్తువు. గుడ్డ కూడా కుళ్లకపోతే మీ నేలలో తడి లేదు, లేదా ప్రాణం తగ్గిందన్నమాట. గుడ్డ కుళ్లి షీటు కుళ్లకపోతే దోషం షీటుది. ముక్కలై మూటలో మిగిలితే కుళ్లినట్లు లెక్క వేయకండి. తర్వాత అంగడివాడు చెప్పే మాట వినండి, అప్పుడు మీ చేతిలో సాక్ష్యం వుంటుంది. ఊళ్లో నలుగురు కలిసి చేసి, రైతు భరోసా కేంద్రంగా మొదలై నేడు రైతు సేవా కేంద్రంగా వున్న చోట వ్యవసాయ సహాయకునికి చూపితే మరీ మంచిది.

సోదరులారా! కుళ్లడం అనేది వస్తువు ఒక్కదానివల్ల జరిగే పని కాదు. వస్తువు, నీరు, నేలలోని ప్రాణి, యీ మూడూ కలిస్తేనే జరుగుతుంది. మొదటిది కంపెనీ చేతిలో వుంది. నీరు కొంత దేవుని చేతిలో, కొంత మన చేతిలో వుంది. నేలలోని ప్రాణి మాత్రం పూర్తిగా మన చేతిలో వుంది. పేడ ఎరువు వేసి, ఆకు అలము కలిపి, నేలను బ్రతికించుకుంటే అది చొప్పనూ తింటుంది, తినదగిన ప్లాస్టిక్కునూ తింటుంది. తినరానిదాన్ని దాని నోట కుక్కకుండా చూసుకోవడం మన వంతు.